లోపలి పరీక్షకు ముందు రోగికి ఏం చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి?

ఉప్పల్ సిస్టర్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉప్పల్ వైపు ఒక ఆసుపత్రిలో స్త్రీల ఓ.పి.లో ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మేము ‘పీవీ’ అని పిలుచుకునే లోపలి పరీక్ష, అంటే యోని ద్వారా గర్భసంచిని చూసే పరీక్ష, ప్రతిరోజూ ఎంతోమందికి జరుగుతుంది. గత వారం తెల్లబట్ట బాధతో ఒకావిడ వచ్చింది. అపార్ట్‌మెంట్లు కట్టే చోట కూలిపని చేస్తుందట. మేము రోజూ చేసినట్లే పేరు పిలిచి, బల్ల ఎక్కి పడుకోమని, చీర పైకి తీయమని చెప్పాము. ట్రేలో స్పెక్యులమ్ (యోనిని కొద్దిగా తెరిచి లోపల చూసే పరికరం) చప్పుడు కాగానే ఆమె లేచి కూర్చుని, “ఆపరేషన్ చేస్తరా సిస్టర్? మా ఆయనకు చెప్పి రాలే” అన్నది. ఎంత నచ్చజెప్పినా వినకుండా, మందులు కూడా రాయించుకోకుండా వెళ్ళిపోయింది. ఇప్పటివరకు తిరిగి రాలేదు.

తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. జరగబోయేదేమిటో ఆమెకు మాలో ఒక్కరమూ చెప్పలేదు. అందుకే వరుసలో కూర్చున్న వారికి ఇవ్వడానికి, చదవలేని వారికి చదివి వినిపించడానికి, ఒక పేజీ తెలుగు కాగితం తయారుచేయాలనుకుంటున్నాను. మా మేడమ్ ఒప్పుకున్నారు గానీ, అంతా విడమరచి చెబితే వచ్చేవారు కూడా భయపడి రారేమోనని ఆవిడ సందేహం. ఇక నా ఇబ్బంది మాటల దగ్గర ఉంది. ‘యోని’ అని రాస్తే చాలామంది తల దించుకుంటారు, ‘కింద’ అని రాస్తే ఏదీ అర్థం కాదు. ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

రిటైర్డ్ గైనకాలజిస్టు:

సిస్టర్, మీ మేడమ్‌గారి సందేహం నాకు కొత్త కాదు. సర్వీసులో చేరిన తొలి సంవత్సరాలలో నేనూ అలాగే అనుకునేదాన్ని. తరువాత తెలిసింది ఏమిటంటే, చెప్పినందువల్ల భయపడి వెళ్ళిపోయినవారు నాకు దాదాపు కనబడలేదు, చెప్పనందువల్ల బిగుసుకుపోయినవారు మాత్రం ప్రతి ఓ.పి.లోనూ కనబడ్డారు. బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ఇంకా బిగుసుకుంటారు, చివరకు గర్భసంచి మూతి సరిగా కనబడక ఆ పరీక్షకే అర్థం లేకుండా పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ మాటలు ఎప్పుడు చెబుతామన్నది. బట్టలు తీసి, కాళ్ళు మడిచి పడుకున్న మనిషికి ఏం చెప్పినా తలకెక్కదు. కుర్చీలో, ఒంటిమీద బట్టలతో, మన కళ్ళలోకి చూస్తూ కూర్చుని ఉన్నప్పుడే చెప్పాలి. ముందుగా ఇది ఆపరేషన్ కాదని, కోయడం గానీ కుట్టడం గానీ ఉండదని, సాధారణంగా ఐదు నిమిషాలు దాటదని చెప్పండి. తరువాత జరిగే క్రమం: మొదట బయటి భాగం చూస్తారు, ఆ తరువాత స్పెక్యులమ్ పెట్టి లోపలి గోడలను, గర్భసంచి మూతిని చూస్తారు, చివరగా గ్లవ్స్ వేసుకుని, జెల్ రాసుకున్న రెండు వేళ్ళు లోపల ఉంచి, రెండో చేతితో పొత్తికడుపు మీద మెల్లగా నొక్కి, గర్భసంచి ఎంత ఉంది, ఎటు వంగి ఉంది, అండాశయాల దగ్గర వాపు ఏమైనా ఉందా అని తడిమి చూస్తారు. అందరికీ ఈ మూడూ అవసరం ఉండవు, కాబట్టి ఆ రోజు ఆమెకు ఏది చేయబోతున్నారో అదే చెప్పండి.

స్పెక్యులమ్‌ను దాచవద్దు, చేతికి ఇచ్చి చూపించండి. బాతు ముక్కులాగా రెండు రెక్కలు ఉంటాయని, లోపలికి వెళ్ళేటప్పుడు మూసే ఉంటాయని, తరువాతే కొద్దిగా తెరుస్తారని ఆమె కళ్ళతో చూస్తే సగం భయం అక్కడే పోతుంది. మీరు చెప్పిన ఆ చప్పుడు మరమేకు తిప్పేటప్పుడో, ప్లాస్టిక్‌దైతే టక్కున పడేటప్పుడో వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పాలి. ఇనుపదైతే గోరువెచ్చని నీళ్ళలో ఒకసారి తడపండి. చలికాలంలో చల్లటి లోహం తగిలితే ఎవరైనా ఉలిక్కిపడతారు. ముట్లుడిగిన వారికి లోపల పొడిగా ఉంటుంది కాబట్టి చిన్న సైజు వాడమని డాక్టర్‌కు మీరే గుర్తు చేయవచ్చు.

ఒక్క మాట మాత్రం ఆ కాగితంలో రాయవద్దు: “నొప్పి ఏమీ ఉండదు.” కొందరికి ఉంటుంది. ఉన్నప్పుడు మనం అబద్ధం చెప్పినట్లవుతుంది, ఆ తరువాత మనం చెప్పేది ఏదీ ఆమె నమ్మదు. “లోపల ఒత్తినట్లు అనిపిస్తుంది, నొప్పిగా ఉంటే చెప్పండి, ఆపుతాము” అని రాయండి, రాసినట్లే ఆపండి. గర్భసంచి మూతి క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ పరీక్ష కోసం చిన్న పుల్లతోనో బ్రష్‌తోనో మూతి దగ్గర నుంచి కణాలు తీస్తే ఒకటి రెండు రోజులు కొద్దిగా ఎరుపు కనబడవచ్చు. మన దేశపు కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు 5 సంవత్సరాలకు ఒకసారి చేసే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలో ఆ మూతికి 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్దుతారు. కాస్త చురుక్కుమంటుంది, వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎక్కడిదోనని కంగారుపడిన వారిని నేను చూశాను.

కూకట్‌పల్లి టీచర్:

డాక్టర్‌గారు చెప్పినవన్నీ నిజం. నేను రోగి వైపు నుంచి రెండు మాటలు చేరుస్తాను. కొన్నేళ్ళ క్రితం నగరంలోని ఒక ఆసుపత్రిలో నాకు ఈ పరీక్ష జరిగింది. పరికరం వల్ల కలిగిన బాధ నాకిప్పుడు గుర్తు లేదు. గుర్తున్నది, కర్టెన్ సగం తెరిచి ఉండటం, “లూజ్ చెయ్యి, లూజ్ చెయ్యి” అని ఎవరో అరవడం, నేను అబ్బా అన్నప్పుడు “ఇద్దరు పిల్లల్ని కన్నావు, ఇదేం నొప్పి?” అన్న మాట. వదులు చేయమంటే ఎలా చేయాలో తెలియాలి కదా! ఈమధ్య చూపించుకున్న డాక్టరమ్మ, “పిరుదులు బల్లకు ఆనించి ఉంచండి, నోటితో నెమ్మదిగా గాలి వదలండి, మోకాళ్ళు వాటంతట అవే పక్కలకు వాలనివ్వండి” అన్నారు. అంతే, తేడా నాకే ఆశ్చర్యం కలిగించింది.

బట్టల విషయం కూడా రాయండి సిస్టర్, దీన్ని అందరూ వదిలేస్తారు. చీర అయితే పైకి జరిపితే సరిపోతుంది, చుడీదార్ అయితే ప్యాంటు పూర్తిగా తీయవలసిందే. లెగ్గింగ్స్ వేసుకుని వచ్చి, అవి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడిన దాన్ని నేను. తీసిన బట్టలు పెట్టుకోవడానికి ఒక కుర్చీ, నడుము నుంచి కప్పుకోవడానికి ఒక దుప్పటి, పరీక్ష తరువాత తుడుచుకోవడానికి కాస్త దూది లేదా కాగితం ఉంటాయని కాగితంలో ఉంటే చాలా ధైర్యంగా ఉంటుంది. ఉంటాయని రాశాక అవి నిజంగా ఉండేలా కూడా చూడండి.

గాంధీ దారిలో పీజీ:

నేను ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో పీజీ విద్యార్థినిని. మూడు సంగతులు.

మొదటిది మూత్రం సంగతి. కడుపు మీద నుంచి చేసే స్కానింగ్‌కు నీళ్ళు తాగి ఆపుకుని రమ్మంటాము, లోపలి పరీక్షకు మూత్రం పోసి రమ్మంటాము. రెండూ ఒకే రోజు రాసినప్పుడు, స్కాన్ కోసం లీటరు నీళ్ళు తాగి ఆపుకున్న మనిషిని ముందుగా పరీక్ష బల్ల ఎక్కిస్తే ఆమె పడే యాతన చెప్పనలవి కాదు. గర్భసంచి కూడా చేతికి సరిగా అందదు. ఏది ముందో కాగితంలోనే రాయండి. అలాగే పాప్ పరీక్షకు నెలసరి రోజులు కాకుండా రమ్మనాలి, ముందు రెండు రోజులు లోపల పెట్టుకునే మందులు, భార్యాభర్తల కలయిక వద్దనాలి. కానీ రక్తస్రావం ఆగకపోవడమే బాధ అయితే, రక్తం ఆగేదాకా ఇంట్లో కూర్చోకూడదని స్పష్టంగా రాయండి. చాలామంది ఆ పొరపాటే చేస్తున్నారు.

రెండవది “పెళ్ళయిందా?” అన్న ప్రశ్న. మనం అడిగేది పెళ్ళి గురించి కాదు, కలయిక జరిగిందా అని. ఆ మాట నేరుగా అడగలేక ఇలా అడుగుతాము. తల్లి పక్కన ఉండగా అడిగితే నిజమైన జవాబు రాదు. ఒక్క నిమిషం విడిగా కూర్చోబెట్టి, ఎందుకు అడుగుతున్నామో చెప్పి అడగాలి. కలయిక జరగని అమ్మాయిలకు సాధారణంగా స్పెక్యులమ్ పెట్టరు, కడుపు మీద నుంచి స్కానింగ్‌తో సరిపెడతారు. ఈ పరీక్షతో తన శీలాన్ని తేలుస్తారేమోనన్న భయం కొందరిలో ఉంటుంది. అత్యాచార కేసులలో బాధితురాలికి కలయిక అలవాటుందా అని చూడటానికి చేస్తూ వచ్చిన ‘రెండు వేళ్ళ పరీక్ష’కు శాస్త్రీయ ఆధారం లేదని, దాన్ని చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. మనం చేసేది జబ్బును గుర్తించే పరీక్ష, దానికీ దీనికీ సంబంధం లేదని అడిగినవారికి చెప్పాలి.

మూడవది సమ్మతి. ఒక దానికి ఇచ్చిన సమ్మతి మరొక దానికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. మగ డాక్టర్ పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ పక్కన ఉండాలని కోరే హక్కు జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. నేర్చుకునే మాలాంటివాళ్ళం గదిలో ఉండాలన్నా ముందుగా అడగాలి. “వద్దు” అన్నవారిని నేనూ చూశాను. మొదట చిన్నబుచ్చుకున్నాను గానీ, ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

ఉప్పల్ సిస్టర్:

అందరికీ కృతజ్ఞతలు. మాటల విషయంలో నిన్న వరుసలో ఉన్న కొందరినే అడిగాను. ‘నెలసరి వచ్చే దారి’ అంటే అందరికీ అర్థమైంది, ఒక్కరూ సిగ్గుపడలేదు. ‘మూత్రం దారి’ అన్నది మాత్రం తీసేశాను, రెండూ ఒకటేనని అనుకునేవారు చాలామంది ఉన్నారు. ప్రస్తుతానికి మొదటి పేరా ఇలా ఉంది:

“అమ్మా, డాక్టర్ గారు మీకు లోపలి పరీక్ష చేయాలనుకుంటున్నారు. ఇది ఆపరేషన్ కాదు. నెలసరి వచ్చే దారి గుండా గర్భసంచి మూతిని చూస్తారు. మీరు సరేనంటేనే చేస్తారు. మధ్యలో ఎప్పుడైనా చెయ్యి ఎత్తితే ఆపుతారు. ముందుగా మూత్రం పోసి రండి. ఈరోజే స్కాన్ కూడా ఉంటే, స్కాన్ అయ్యాకే పోయండి.”

చెయ్యి ఎత్తడం నా ఆలోచన. నోరు తెరిచి చెప్పలేనివారికి పనికొస్తుందనిపించింది. కొత్త ప్లాస్టిక్ స్పెక్యులమ్ ఒకటి నా బల్ల మీద పెట్టాను. ఈరోజు ఒక పెద్దావిడ దాన్ని రెండుసార్లు తెరిచి మూసి, “గింతేనా?” అని పక్కావిడ చేతికి అందించింది. ఆ కూలిపని చేసే ఆమె ఫోన్ నంబరు ఓ.పి. చీటీ మీద ఉంది. మేడమ్‌ను అడిగి, రేపు నేనే ఫోన్ చేస్తాను.