టెస్టర్‌లో 8 లైట్లూ వెలుగుతున్నా లింక్ 100 ఎంబీపీఎస్ దాటడం లేదు

ప్రశ్న: రౌటర్ నుంచి పై గదికి 25 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగి రెండు కొసలకూ ఆర్‌జే45 ప్లగ్‌లు కొట్టాం. టెస్టర్‌లో లైట్లు వరుసగానే వస్తున్నాయి. అయినా లింక్ 100 దగ్గరే ఆగుతోంది, అప్పుడప్పుడూ తెగిపోతోంది. కేబుల్ మార్చాలా?

జవాబు 1: అప్పుడే మార్చకండి. రంగులు ఏ వరుసలో పెట్టారు? రెండేసి మెలేసిన తీగల జతలను 1-2, 3-4, 5-6, 7-8 పిన్నులుగా పక్కపక్కనే పెట్టినా మామూలు టెస్టర్ పాస్ చేసేస్తుంది. తీగ తెగిందా, రెండు కొసల్లో వరుస ఒకటేనా అన్నదే దానికి తెలుసు. 3, 6 పిన్నుల్లో ఒకే జత ఉండాలి. వేర్వేరు జతల తీగలు పడితే మెలిక పనిచేయదు, క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ పక్క జతలోకి చొరబడటం) వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ఆకుపచ్చ జత 3, 4లో ఉందండి.

జవాబు 2: దొరికింది! రెండు కొసలూ కోసేసి మళ్లీ కొట్టండి. క్లిప్పు కిందికి, కేబుల్ మీ వైపు ఉంచి, ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు. పై తొడుగు ప్లగ్ లోపలికి వెళ్లి గట్టిగా నొక్కుకోవాలి, లేదంటే లాగినప్పుడల్లా తీగలు జారతాయి.

జవాబు 3: ఆ తర్వాతా 100 దగ్గరే ఉంటే నీలం, గోధుమ జతలు చూడండి. 100కి 1, 2, 3, 6 చాలు. గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) 4 జతలూ కావాలి.