నేపాల్‌లో స్వస్థత ప్రార్థన: ఆదివారం సాక్ష్యం చెప్పాలా, వద్దా?

లంకవాసి:
అందరికీ వందనాలు. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. పోయిన నెల మా సంఘం నుంచి తొమ్మిది మందిమి సువార్త పనికి నేపాల్ వెళ్లొచ్చాం. పోఖరా నుంచి జీపులో నాలుగు గంటలు కొండెక్కితే వచ్చే ఊరు. అక్కడ రెండు రోజులు స్వస్థత ప్రార్థనలు జరిగాయి. వచ్చే ఆదివారం దాని మీద సాక్ష్యం చెప్పమని అయ్యగారు అడిగారు.

నా ఇబ్బంది ఇదీ. అయ్యగారు తెలుగులో అడుగుతారు, నేను హిందీలో చెప్తాను, అక్కడి సోదరుడు నేపాలీలో చెప్తాడు. జవాబూ అదే దారిన వెనక్కి రావాలి. మోకాళ్ల నొప్పులతో ఓ ముసలావిడ వచ్చింది. ప్రార్థనయ్యాక "తగ్గిందా అమ్మా?" అని అడిగాం. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. హిందీ వచ్చినవాడికి నేపాలీ కాస్తో కూస్తో అందుతుంది కదా. నొప్పి అలాగే ఉంది, ఇంత దూరం నుంచి నా కోసం వచ్చారు కాబట్టి మనసుకు హాయిగా ఉంది అన్నట్టు నాకర్థమైంది. సోదరుడు దాన్నంతా కుదించి హిందీలో "బాగుంది" అన్నాడు. నేను "బాగుందంట అయ్యగారూ" అన్నాను. చప్పట్లు, స్తోత్రాలు. వీడియో కూడా ఉంది.

ఇంకో పిల్లాడికి చెవులు వినబడవన్నారు. ప్రార్థన తర్వాత వెనక నుంచి చిటికె వేస్తే తిరిగి చూశాడు. అది నా కళ్లతో చూశాను, కాదనను. మర్నాడు పొద్దున్నే జీపెక్కేశాం. ఇప్పుడు ఏం చెప్పమంటారు?

సీయోను బిడ్డ:
బ్రదర్, చిటికెకి తిరిగిన పిల్లాడు ఉండగా మోకాళ్ల దగ్గరే ఆగిపోయారేంటి? రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలి అని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోనే ఉంది. మీరు చేసింది అదే. నొప్పి తగ్గిందో లేదో కొలిచే పని మనది కాదు. ధైర్యంగా చెప్పండి.

తెల్లచీర:
మిషనాసుపత్రిలో 31 ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. రోజూ వార్డులో ప్రార్థనతోనే డ్యూటీ మొదలయ్యేది. ఆ తర్వాత బీపీ చూసేవాళ్లం, ఇంజక్షన్ చేసేవాళ్లం. రెండూ ఎప్పుడూ కొట్టుకోలేదండి. ఒకసారి విదేశీయులు వచ్చి మూడు రోజులు స్వస్థత సభలు పెట్టారు. ఒకాయన వేదికెక్కి షుగరు పోయిందని సాక్ష్యం చెప్పి, ఇన్సులిన్ మానేశాడు. నెలన్నరకి కాలికి పుండుతో మా దగ్గరికే వచ్చాడు. వేలు తీసెయ్యాల్సి వచ్చింది. సభలు పెట్టినవాళ్లు సోమవారం విమానమెక్కారు, డ్రెస్సింగ్ నలభై రోజులు మేం కట్టాం. అతను మందు మానేస్తాడని వాళ్లు అనుకుని ఉండరు. కనుక్కునేదాకా ఉండలేదు, అంతే.

మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నర్సాపురంలో కాపురం పెట్టి, తెలుగు నేర్చుకుని, ధవళేశ్వరం ఆనకట్ట కూలీల మధ్య తిరిగారు. వాళ్లది చుట్టపుచూపు కాదు.

సీయోను బిడ్డ:
అమ్మా, మందు మానమని బైబిల్లో ఎక్కడా లేదు, అది ఆయన తప్పు. దానికి ప్రార్థననెందుకు అనడం?

తెల్లచీర:
ప్రార్థనని నేనేమీ అనలేదమ్మా. సాక్ష్యాన్ని అన్నాను. పౌలంతటి వాడే త్రోఫిము జబ్బుతో ఉంటే మిలేతులో వదిలి వచ్చానని రాసుకున్నాడు, దాచలేదు.

అంకెలు చెప్పేవాడు:
లంకవాసిగారు చెప్పినలాంటి దాన్నే కొలిచినవాళ్లున్నారు. మొజాంబిక్‌లో మిషనరీలు చేయి వేసి ప్రార్థించినప్పుడు, ముందూ తర్వాతా వినికిడి, చూపు పరీక్షించి 2010లో ప్రచురించారు. మొత్తం 24 మంది. సగటున మెరుగుపడింది.

సీయోను బిడ్డ:
చూశారా మరి!

అంకెలు చెప్పేవాడు:
కాస్త ఆగండి. పోల్చడానికి ప్రార్థన చేయని గుంపు లేదు. పరీక్ష సభ జరిగిన చోటే, గోలలో. పైగా వినబడిందా అని అడిగితే, అతిథి మొహం మీద లేదని చెప్పడం ఏ ఊళ్లోనైనా కష్టమే. ఇంకోటి అమెరికాలో, గుండె బైపాస్ ఆపరేషన్ అయిన 1802 మంది మీద చేసి 2006లో ప్రచురించారు. దూరం నుంచి చేసిన ప్రార్థన వల్ల తేడా రాలేదు. తమ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసిన గుంపులో ఇబ్బందులు కొంచెం ఎక్కువే వచ్చాయి, 59 శాతం. తెలియకుండా ప్రార్థన పొందినవాళ్లలో 52. టెన్షన్ పడ్డారేమోనని ఒక అనుమానం.

సీయోను బిడ్డ:
దేవుణ్ణి పరీక్ష హాల్లో కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది.

కాలవగట్టు:
నేను క్రైస్తవుణ్ణి కాదు, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మావాళ్లేమీ తక్కువ తినలేదు, పచ్చకామెర్లకి పసరు పోయించుకోవడానికి ఇప్పటికీ బస్సెక్కి వెళ్తారు. నేను చెప్పేది వేరే. నేపాల్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పించినా, అందుకు ప్రయత్నించినా అయిదేళ్ల వరకు జైలు. స్వస్థత ప్రార్థన అందులోకి వస్తుందో రాదో వాదించుకోవచ్చు. మీ వీడియో యూట్యూబ్‌లో పెడితే మీరు రాజోల్లో ఉంటారు, ఆ దుబాసీ అక్కడే ఉంటాడు. ముందు అది ఆలోచించండి.

లంకవాసి:
వీడియో సంగతి నాకు తట్టనే లేదు. గ్రూపులో తీసేయించాను.

నిన్న రాత్రి ఆ సోదరుడికి వాట్సాప్ కాల్ చేశాను. పిల్లాడిది పక్క కొండ మీది ఊరట, మళ్లీ కనబడలేదు, కనుక్కుంటానన్నాడు. ముసలావిడకి మోకాళ్లు అలాగే ఉన్నాయి. మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతోందట. "ఆ రోజు ఆవిడ అన్నది వేరు కదా" అన్నాను. "మీకు అర్థమైందనుకోలేదు" అన్నాడు.

పొద్దున్నే అయ్యగారి దగ్గరికెళ్లి ఇదంతా చెప్పాను. పిల్లాడి గురించి తెలిశాక చెప్తాను, ముసలావిడ గురించైతే ఆవిడ అన్న మాటే చెప్తాను అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే ఆదివారం నువ్వో పాట పాడరా" అన్నారు.