తీరరేఖ మార్పులపై రాసిన పత్రాన్ని ఏ సదస్సుకు పంపాలి?

నేను విశాఖపట్నంలో జియోఇన్ఫర్మాటిక్స్ (భౌగోళిక సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే శాస్త్రం) ఎం.టెక్. విద్యార్థిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన నాటి నుంచి ఆర్.కె. బీచ్, భీమిలి మధ్య తీరరేఖ ఎంత జరిగిందో ల్యాండ్‌శాట్ (చిత్రంలో ఒక్కో చుక్క నేలపై 30 మీటర్లు), సెంటినెల్-2 (10 మీటర్లు) ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టి ఒక పత్రం రాశాను. చిత్రం తీసిన వేళకు సముద్రం పోటు మీద ఉందో, ఆటు మీద ఉందో సరిచూడనిదే ఆ లెక్కకు విలువ లేదు గనుక, ఆ సవరణకే నాలుగు నెలలు పట్టింది.

దీనిని ఇండియన్ సొసైటీ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాల వంటి వాటితో దూరం నుంచే భూమిని పరిశీలించే శాస్త్రానికి చెందిన సంఘం) వారి జాతీయ సదస్సుకు పంపాలా, లేక 1980 నుంచి జరుగుతున్న ఆసియా రిమోట్ సెన్సింగ్ సదస్సుకు పంపాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రెండవది విదేశంలో జరిగితే ఖర్చు నాకు భారమే. ఈ సదస్సులలో పత్రం సమర్పించిన అనుభవం ఉన్నవారు, విద్యార్థులకు రుసుములో రాయితీ, ప్రయాణ సహాయం ఏ మేరకు లభిస్తాయో, సారాంశంలో తుది ఫలితాలు చూపాలో, పద్ధతి వివరిస్తే సరిపోతుందో దయచేసి తెలుపగలరు.