మామిడి తొక్క సారం నాడీకణాలను కాపాడుతోందా, పరీక్షే మోసం చేస్తోందా?

తోతాపురి:
అందరికీ నమస్కారం. చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తోతాపురి తొక్కలపై పరిశోధన చేస్తున్నాను. తొక్కలను నీడన ఆరబెట్టి, పొడి చేసి, 70 శాతం ఇథనాల్‌లో నానబెట్టి సారం తీశాను. ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే, నాడీకణాలకు నమూనాగా వాడే కణాలకు దాన్ని ఇచ్చి, గంట తరువాత అదే మీడియంలో (కణాలు పెరిగే ద్రవంలో) కణాలను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, మర్నాడు బతికిన కణాల శాతం చెప్పే ఎంటీటీ పరీక్ష చేశాను. పెరాక్సైడ్ ఒక్కటే తగిలిన కణాల్లో సగానికి పైగా చనిపోయాయి. సారం ముందుగా అందినవి దాదాపు అన్నీ నిలిచాయి. అయితే మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు ఇచ్చిన, ప్లేటులోని చిన్న గుంటలైన వెల్స్‌లో లెక్క 118 శాతం వచ్చింది. ఏ విషమూ తగలని కణాలకన్నా ఇవి ఎక్కువగా ఎలా బతికాయో నాకు అంతుపట్టడం లేదు. మామిడిలో ఉండే మాంజిఫెరిన్ అనే పదార్థం మహిమ అని రాసేయమని తోటివారు అంటున్నారు. పైగా మా నానమ్మకు మతిమరుపు మొదలైంది. తొక్కల కషాయం కాచి ఇవ్వవచ్చా అని ఇంట్లో అడుగుతున్నారు.

కణాల గది:
ఆ 118ని దాచకండి, మీ ప్రయోగంలో అన్నిటికన్నా నిజం చెబుతున్న అంకె అదే. ఎంటీటీ పసుపు రంగు ద్రవ్యం. బతికి ఉన్న కణాల్లోని ఎంజైములు దాన్ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. కానీ మాంజిఫెరిన్ లాంటి, తొక్కల్లోని యాంటీఆక్సిడెంట్ పదార్థాలైన పాలీఫినాల్స్‌కు ఆ పని చేయడానికి కణాల అవసరమే లేదు. నేను దానిమ్మ తొక్కతో పనిచేసిన రోజుల్లో కణాలు వేయని వెల్స్‌లో సారం, మీడియం, ఎంటీటీ మాత్రమే కలిపి ఉంచితే కాసేపటికే అవి వంకాయ రంగుకు తిరిగాయి. మూడు నెలల ఫలితాలను ఆ రోజే పక్కన పెట్టవలసి వచ్చింది.

రెండో చిక్కు, సారాన్ని కడిగేయకుండా పెరాక్సైడ్ కలపడం. అప్పుడు సారం పెరాక్సైడ్‌ను కణం దాకా చేరనివ్వకుండా మీడియంలోనే చంపేస్తుంది. దొంగను వీధి మొదట్లోనే పట్టుకుంటే ఇంటి తాళం గట్టిదో కాదో తెలియదు కదండీ. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: కొన్ని పాలీఫినాల్స్ మీడియంలో తామే ఆక్సీకరణం చెంది పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయని బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త బ్యారీ హాలివెల్ బృందం ఏనాడో చూపించింది. కాబట్టి సారం ఇచ్చాక కణాలను రెండుసార్లు కడిగి, కొత్త మీడియంలో పెరాక్సైడ్ ఇవ్వండి. చనిపోయిన కణాలను ప్రొపీడియం అయొడైడ్‌తో రంగు వేసి సూక్ష్మదర్శిని కింద లెక్కించండి. మరొక మాట: మీరు వాడిన కణాలు నాలుగేళ్ల పాప ఎముక మజ్జ నుంచి తీసిన న్యూరోబ్లాస్టోమా అనే నాడీ క్యాన్సర్ కణాల సంతతి. క్యాన్సర్ కణాలు మొండివి. రెటినోయిక్ ఆమ్లంతో నాడీకణ లక్షణాలు తెప్పించాక కూడా ఒకసారి చేసి చూడడం మంచిది.

గుజ్జు మేస్త్రి:
కణాల సంగతి నాకు తెలియదు, సరుకు సంగతి చెబుతాను. సీజన్‌లో తొక్క గుట్టగా పడి, కొద్ది గంటల్లోనే వేడెక్కి పులుస్తుంది. నీడన ఆరబెడితే ఆరేలోపే దాని ఎంజైములు పాలీఫినాల్స్‌ను నల్లబరుస్తాయి. పచ్చి తొక్కకు వెంటనే ఆవిరి పట్టి, తరువాత 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. తొక్కకు అంటుకున్న గుజ్జులోని చక్కెరలు 70 శాతం ఇథనాల్‌లో చక్కగా కరుగుతాయి గనుక, మీరు తూచిన 200 మైక్రోగ్రాముల్లో చాలా భాగం పంచదారే కావచ్చు. మాంజిఫెరిన్ ఎంత ఉందో, పదార్థాలను విడదీసి చూపే పరీక్ష అయిన హెచ్‌పీఎల్‌సీలో కొలవకుండా దానికి పేరు కట్టబెట్టడం సరికాదు. చర్మాన్ని పొక్కించే సొన పదార్థాలూ, పిచికారీ మందుల అవశేషాలూ తొక్కలోనే ఎక్కువ.

మందుల షాపు పక్కన:
నేను ఫార్మకాలజీ బోధిస్తాను. మాంజిఫెరిన్‌ను నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది స్వల్పం. అందులోనూ మెదడు గడప దాటేది మరీ తక్కువ. ప్లేటులో మీరు ఇచ్చిన సాంద్రత నాడీకణం దగ్గర ఎన్నటికీ ఏర్పడకపోవచ్చు. సారాల విషయంలో నేను విద్యార్థులకు జింకో (ఒక చెట్టు ఆకుల సారం) కథ చెబుతాను: అమెరికాలో 75 ఏళ్లు, ఆపై వయసున్న 3,069 మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల జింకో సారాన్నో, ఉత్తుత్తి మాత్రనో ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే, డిమెన్షియా రావడం తగ్గలేదని 2008లో తేలింది. అలాగని మొక్కలను తీసిపారేయలేము. స్నోడ్రాప్ జాతి మొక్కల్లో దొరికిన గెలాంటమైన్‌ను ఆల్జైమర్స్‌కు నేటికీ వాడుతున్నాము. అది ఒకే పదార్థం, మోతాదు తెలుసు, ఏ ఎంజైమును ఆపుతుందో తెలుసు.

నానమ్మగారికి కషాయం వద్దు. ముందు నరాల వైద్యునికి చూపించి, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ లోపాల వల్ల వచ్చిన మతిమరుపు చికిత్సతో తగ్గవచ్చు.

తోతాపురి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న కణాలు లేని ప్లేటు పెట్టాను. 200 మోతాదు వెల్స్ కళ్లముందే ఊదారంగుకు తిరిగాయి, 25 దగ్గర మాత్రం పసుపు పసుపుగానే ఉంది. కడిగి చేసిన ప్రయోగంలో రక్షణ చాలావరకు పోయింది గాని, 50 దగ్గర కొంచెం మిగిలింది. అది నిజమో కాదో ఆవిరి పట్టిన తొక్కతో మళ్లీ మొదటి నుంచి చేసి చూస్తాను. నానమ్మను వచ్చే సోమవారం డాక్టరు దగ్గరకు తీసుకువెళుతున్నాము.