ఖాళీ ప్లాటులో మొలిచిన పుట్టగొడుగులు: తినేవో విషపువో ఎలా తేల్చుకోవాలి?

అందరికీ నమస్కారం. మేముండేది ఉప్పల్ వైపు. వానలు పడ్డాక పక్క ఖాళీ ప్లాటులో రెండు రకాల పుట్టగొడుగులు మొలిచాయి. చెదపుట్ట మీద వచ్చినవాటికి గొడుగు నడిమధ్య మొన తేలి ఉంది, కాడ వేరులా మట్టిలోకి చాలా లోతుగా దిగింది. గడ్డిలో వచ్చినవి అరచేయంత వెడల్పు, తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరంలాంటి పొర. వీటి గొడుగు ఒకటి కోసి రాత్రి తెల్లకాగితం మీద బోర్లించాను. పొద్దున చూస్తే ఆకుపచ్చ పొడి రాలింది. ఇది క్లోరోఫిల్లమ్ అనే విషపు రకమే కదా?

పుట్ట మీదవి మా అత్తమ్మ చిన్నప్పటి నుంచీ తిన్నవే. వెండి చెంచా వేసి ఉడికించినప్పుడు అది నల్లబడకపోతే మంచివేనంటారు. ఆ పరీక్ష మీద నాకు అస్సలు నమ్మకం లేదు. అమానిటా అనే పుట్టగొడుగుల జాతిలో కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు, వాంతులు మొదలయ్యేసరికే 6 నుంచి 24 గంటలు గడుస్తాయి, ఆలోపు కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. ఇంట్లో పిల్లలున్నారు, అదే నా టెన్షన్.

పుట్ట మీదవాటిని పోలిన విషపు రకాలు మన దగ్గర ఉన్నాయా? కాడ అడుగున అమానిటాలకుండే సంచిలాంటి తొడుగు లేకపోతే సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా? రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోగానీ ఉస్మానియా బోటనీ విభాగంలోగానీ మామూలు మనుషులు నమూనా తీసుకెళ్తే చూసి చెప్తారా? ఎవరైనా వెళ్లి ఉంటే దయచేసి చెప్పండి. అప్పటిదాకా వండనివ్వను.