‘బలవంతుడ నాకేమని’: పాముకు చెప్పిన బుద్ధి

సభ్యులకు నమస్కారం. సుమతీ శతకంలోని ఈ పద్యానికి ‘ఐకమత్యమే బలం’ అని తాత్పర్యం చెప్పి ముగించడం నాకు సమ్మతం కాదు.

బలవంతుడ నాకేమని
పలువురతో నిగ్రహించి పలుకుట మేలా
బలవంతమైన సర్పము
చలిచీమల చేత జిక్కి చావదె సుమతీ

ఇక్కడ బుద్ధి చెబుతున్నది పాముకు. కవి బలాన్ని తప్పుపట్టలేదు; పలువురిని ఒక్కసారిగా ధిక్కరించి పలకడాన్ని తప్పుపట్టాడు. తమలో తాము నమ్ముకోని బలహీనులను సైతం అందరికీ తగిలిన అవమానం ఒక్కచోటికి చేరుస్తుంది.

అయితే అవమానం ఒక్కటే చాలదు. 1957లో వినాకీ, ఆర్కాఫ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ముగ్గురేసి ఆటగాళ్లను మన పచ్చీసు వంటి పాచికల ఆటకు కూర్చోబెట్టి, వారికి వేర్వేరు బలాలు కేటాయించారు. బలాలు 4, 3, 2గా ఉన్నప్పుడు తరచుగా జతకట్టినవారు చిన్నవారిద్దరే, ఎందుకంటే పెద్దవాడి పక్కన చేరితే గెలుపు దక్కినా వాటా దక్కదన్న శంక వారిని వెనక్కి లాగుతుంది. 4, 2, 1గా ఉన్నప్పుడు మాత్రం ఇద్దరూ కలిసినా 3 దాటరు కనుక కూటములు అరుదయ్యాయి. పద్యంలో ‘పలువుర’ అన్న మాట ఊరికే పడలేదు.

మా పర్లాకిమిడి వారికి ఇది 1937 నాటి సంగతిని గుర్తుచేస్తుంది. ఒడిశా శాసనసభలోని 60 స్థానాల్లో 36 గెలిచిన కాంగ్రెసు, గవర్నరు జోక్యం ఉండదన్న హామీ కోరుతూ మొదట అధికారం చేపట్టలేదు. అప్పుడు మా మహారాజా కృష్ణచంద్ర గజపతి ఏప్రిల్‌లో మంత్రివర్గం ఏర్పరిచారు. మిగిలిన 24 మందీ ఒక్కతాటిపై నిలిచినా ఆ ప్రభుత్వ ఆయుష్షు పెద్ద పక్షం చేతిలోనే ఉంటుంది. కాంగ్రెసు సిద్ధపడగానే, జూలైలో, విశ్వనాథ దాస్ మంత్రివర్గం వచ్చింది.

మరి అంత బలమున్నవాడికి ఈ పద్యం వర్తించదా? వర్తిస్తుందనే నా నమ్మకం. పాము బలం పాము ఒంట్లోనే ఉంటుంది. మనుషుల్లో పెద్దవాడి బలం అతని వెంట నడిచేవారిది. అతడు ధిక్కరించే పలువురిలో వారూ ఉంటే, లెక్క అక్కడే మారిపోతుంది.

రాయగడ, బరంపురం వైపు పెద్దలు రెండో పాదాన్ని ఎలా అన్వయిస్తారో తెలిసినవారు దయచేసి రాయండి.