ఇష్యూ ట్రాకర్ (బగ్గుల చిట్టా) కోడ్ ఉండే రిపోలోనే ఉండాలా, గిట్‌హబ్ మీద వదిలేయాలా?

టెర్మినల్_పిచ్చి:
మాది చిన్న టీమ్, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ వాడతాం, కోడ్ గిట్‌హబ్ సైట్‌లో ఉంది. బ్రౌజర్ జోలికి పోకుండా టెర్మినల్ నుంచే బగ్ రాసి మూసేసే ట్రాకర్ కావాలి. నా ఓటు గిట్-బగ్ అనే టూల్‌కి. ఇష్యూలు గిట్ ఆబ్జెక్టులుగా రిపోలోనే ఉంటాయి, మన ఫైళ్ల మధ్యకి రావు, రైల్లో సిగ్నల్ లేకపోయినా రాసుకుని ఇంటికెళ్లాక సర్వర్‌కి పుష్ చేసుకోవచ్చు. మావాళ్లేమో టెర్మినల్ నుంచే గిట్‌హబ్ వాడుకునే వాళ్ల జీహెచ్ కమాండ్ చాలంటున్నారు.

క్రాన్_జాబ్:
చాలు అన్నా, నిజంగా. జీహెచ్‌లో ఇష్యూ లిస్ట్‌కి జేసన్ (ప్రోగ్రాములు చదివే ఫార్మాట్) ఆప్షన్ తగిలిస్తే అవుట్‌పుట్ నేరుగా స్క్రిప్ట్‌లోకి పోతుంది, పొద్దున్నే మా గ్రూపులో పెండింగ్ బగ్గుల చిట్టా పడేది అలాగే. గిట్-బగ్‌తో తలనొప్పి ఏంటంటే మామూలుగా క్లోన్ చేస్తే (రిపో కాపీ దించుకుంటే) బగ్గులు రావు, మామూలుగా పుష్ చేస్తే వెళ్లవు, వాటికి వేరే కమాండ్లు. కొత్తగా చేరిన కుర్రాడు ఆ సంగతి మర్చిపోయాడా, వాడు రాసిన బగ్గులు వాడి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి.

టెర్మినల్_పిచ్చి:
దానికి ఒక హుక్ (గిట్ దానంతటదే నడిపే స్క్రిప్ట్) రాస్తే సరిపోతుంది. గిట్‌హబ్ లాంటిదే, గూగుల్ కోడ్ గుర్తుందా? 2016 జనవరిలో మూతపడింది. కోడ్ అంటే ప్రతివాడి దగ్గరా కాపీ ఉంటుంది, మరి ఇష్యూల కింద జరిగిన చర్చ ఎవరి దగ్గరుంటుంది?

పాత_డెబియన్:
మీరిద్దరూ సింక్ దగ్గరే కొట్టుకుంటున్నారు. డెబియన్ లినక్స్ వాళ్ల ట్రాకర్ ఇప్పటికీ మెయిల్ మీదే నడుస్తుంది, బగ్ నంబర్ పక్కన డన్ అని ఉన్న అడ్రసుకి మెయిల్ కొడితే బగ్ క్లోజ్. అందులో నాకు నచ్చేది రిపోర్ట్‌బగ్ కమాండ్. ప్యాకేజీ వెర్షన్, కెర్నల్, డిపెండెన్సీలు అన్నీ అదే జతచేస్తుంది, 'మీది ఏ వెర్షనండీ' అని నాలుగు మెయిళ్లు తిరగక్కర్లేదు. కమాండ్‌లైన్ వల్ల అసలు లాభం అక్కడుంది, టైపింగ్ స్పీడులో కాదు. గిట్‌కి బదులు వాడుకునే ఫాసిల్ పేరు ఎవరూ ఎత్తలేదేం? ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాళ్లు వాడేది అదే, టికెట్లు, వికీ, కోడ్ అన్నీ ఒకే ప్రోగ్రాములో. కాకపోతే గిట్ వదులుకోవాలి, ఆ మాట అంటే ఇక్కడ నన్ను తంతారు.

బగ్గుల_అక్క:
నేను టెస్టర్‌ని. ఇంతసేపూ బగ్గులు డెవలపర్లే రాస్తారన్నట్టు మాట్లాడుతున్నారు! మా దగ్గర ఎక్కువ రాసేది మేమూ, సపోర్ట్ వాళ్లూ. స్క్రీన్‌షాట్ లాగి పడేయాలి, క్లయింట్‌కి లింక్ పంపాలి. గిట్-బగ్‌కీ వెబ్ పేజీ ఉంది కదా అంటారు, అది నా మెషీన్‌లో నేను నడుపుకోవాల్సిందే, ఆ లింక్ క్లయింట్ దగ్గర తెరుచుకోదు.

టెర్మినల్_పిచ్చి:
అక్కా, గిట్-బగ్‌కి గిట్‌హబ్ బ్రిడ్జ్ ఉంది, ఇష్యూలను అటూఇటూ మోస్తుంది. మీరు బ్రౌజర్లో రాయండి, నేను లోకల్‌గా లాక్కుని ఇక్కడే జవాబు రాసి పంపుతా.

బగ్గుల_అక్క:
అలాగైతే నాకేం అభ్యంతరం లేదు. కానీ అప్పుడు టీమ్ ట్రాకర్ గిట్‌హబే, గిట్-బగ్ నీ సొంత సౌకర్యం. ఆ ముక్క మొదటే చెప్పుంటే మీ ఆఫీసులో ఇంత గొడవ ఉండేది కాదు.

క్రాన్_జాబ్:
బ్రిడ్జ్ పుల్ ఎవరో ఒకరు నడపాలి బాబూ, అది దానంతటదే జరగదు. సర్వర్లో పెట్టి టోకెన్ (పాస్‌వర్డ్‌కి బదులు వాడే గిట్‌హబ్ తాళం) ఎవరిది ఇస్తారో ముందు తేల్చుకోండి.